పెద్దల ఋణము, మలివయసు జ్ఞానస్నానము

అరువదియేండ్లు నిండిన గృహస్థు భాగవతము చేతబట్టినను, కాశీరామేశ్వరములకు బయలుదేరినను, కాలినడకన భద్రాచలము చేరి గోదావరిలో మునిగి వచ్చినను మన సమాజము దానిని వింతగా చూడదు సరికదా, పగ్గములు కొడుకులకప్పగించి దైవచింతనలో పడినాడని మెచ్చుకొనును. బ్రహ్మచర్యము మొదలుకొని సన్న్యాసము వరకు ఆశ్రమములను వరుసగా అమర్చిన మన పూర్వులు వార్ధక్యమును భగవంతునికి విడిచిన భాగముగనే యెంచిరి. కాని ఆ గృహస్థే తన ప్రాంతపు ఆర్.సి.యం. గుడికి పోయి, విచారణ గురువు నెదుట నిలిచి, తనకు జ్ఞానస్నానమీయుడని అడిగినాడని తెలిసినచో, నిన్నటివరకు మెచ్చుకొనిన వారే ముఖము త్రిప్పుకొందురు. దేవుని వైపు తిరుగుట ఆ వయసునకు తగిన పనియే గాని, దేవుని మార్చుకొనుట తగని పనియని లోకము తీర్పు. ఈ తీర్పును కేవలము మూఢత్వమని త్రోసివేయు ఆధునికులతో నేనేకీభవింపజాలను. అందులో కొంత న్యాయము కలదు. అది యెక్కడనున్నదో వెదకి చూడవలసియున్నది.

యోహాను సువార్త మూడవ అధ్యాయమున నికోదేమను పరిసయ్యుడు రాత్రివేళ క్రీస్తును దర్శించి, మనుష్యుడు మరల పుట్టవలెనన్న మాట విని, ముసలివాడైనవాడెట్లు పుట్టగలడనియు, తల్లిగర్భమున రెండవమారు ప్రవేశింపగలడా యనియు అడుగును. ఆత్మసంబంధమైన మాటను శరీరసంబంధముగా గ్రహించిన మందబుద్ధియని వ్యాఖ్యాతలు పలువు రతనిని చిన్నబుచ్చిరి. నాకు మాత్రము ఆ ప్రశ్న మిక్కిలి గంభీరముగా తోచును. ఇరువదియేండ్ల యువకుడు మతము మార్చుకొన్నచో రానున్న యేండ్లను క్రొత్త విశ్వాసమునకు సమర్పించును. అరువదియేండ్లవాడు గడచిపోయిన యేండ్లను వెంటబెట్టుకొని వచ్చును, ఆ యేండ్లలో తనతో బ్రదికి, తన చేతులలో కన్నుమూసిన వారిని గూడ వెంటబెట్టుకొని వచ్చును. తల్లిగర్భమున ప్రవేశించు మాట యటుండగా, ఆ తల్లి యెన్నడో కాలము చేసినది. ఏటేట ఆమె పేర బియ్యమిచ్చు చేయి ఇతనిదే.

ఈ చిక్కు ఇంటిలో ఎట్లుండునో చూచుటకు ఒక ఊరిని తీసికొందము. తిరుమలాయపాలెము ఖమ్మం జిల్లాలో మరిపెడ దారినున్న మండల కేంద్రము. ఆకేరు పారు సీమ. పత్తిచేలు, మిరపతోటలు, వాని నడుమ లంబాడీ తండాలు. తూర్పున దూరముగా గోదావరి యొడ్డు అడవులు, భద్రాద్రి. భక్త రామదాసుగా ప్రసిద్ధికెక్కిన కంచెర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఈ జిల్లాలోనిదే. అట్లని క్రైస్తవము ఈ ప్రాంతమునకు నిన్నమొన్న వచ్చినదియు కాదు. ఆంగ్లికను సంఘమున మొట్టమొదటి భారతీయ బిషపుగా 1912లో అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య పీఠమైన దోర్నకల్లు ఇక్కడికి సమీపమే. 1947లో దక్షిణ ఇండియా సంఘమేర్పడిన పిమ్మట ఆ సంప్రదాయము సి.ఎస్.ఐ.గా కొనసాగుచున్నది. కతోలికుల విషయమున, మిలాను నగరపు మిషనరీ సంఘమువారు హైదరాబాదు సీమలో దీర్ఘకాలము పాటుపడగా, 1952లో ఓరుగల్లు మేత్రాసనమును, దానినుండి 1988లో ఖమ్మం మేత్రాసనమును ఏర్పడినవి. కనుక ఈ ప్రాంతపు రైతునకు సిలువగుర్తు క్రొత్తది కాదు, గుడిగంట క్రొత్తది కాదు.

ఇట్టిచోట అరువది దాటిన రైతు నొకనిని ఊహించుకొందము. ఆస్పత్రి మంచముకడ కన్యాస్త్రీలు చేసిన పరిచర్య చూచియో, ఇరుగింటివారి జపమాల సంవత్సరముల తరబడి వినివినియో, ఎవరికో తోడుగా గుణదలమాత కొండకు పోయివచ్చియో అతని మనసు కతోలికమువైపు మొగ్గినది. కారణము నిర్ణయించుట మన పని కాదు. ఒకనాడతడు తన సంకల్పమును ఇంట తెలిపెను. కొడుకు కోపగించుకొనలేదు, సిద్ధాంత చర్చకు దిగలేదు, ఒక్కమాట అడిగెను: “నువ్వు గుడికి పోతే నేనేమనను నాయినా. మరి పెత్రమాసకు తాత పేరు మీద బియ్యం ఎవరియ్యాలె?”

పెత్రమాస యన భాద్రపద బహుళ అమావాస్య. ఆనాటి సాయంకాలమున ఆడపడుచులు ఎంగిలిపూల బతుకమ్మ నెత్తుకొందురు. ఉదయమున ఇంటి యజమాని స్నానమాచరించి, బియ్యము, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు పళ్లెమున పెట్టి, గతించినవారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుచు అయ్యగారికిచ్చును. వేదమంత్రములతో తద్దినము పెట్టించు స్తోమత గాని, అధికారము గాని లేని కుటుంబములకు ఇదియే శ్రాద్ధము. మనుష్యుడు మూడు ఋణములతో పుట్టుచున్నాడని శాస్త్రము చెప్పగా, దేవఋణమును ఋషిఋణమును ఎరుగని నిరక్షరాస్యుడు సయితము పితృఋణమును మాత్రము ఎరుగును. కొడుకు అడిగినది ఆస్తి ప్రశ్న కాదు, కులము ప్రశ్న కాదు; ఇంతవరకు పేరుపేరున తలంపబడుచున్న ఆ మృతులు రేపటినుండి యెవరివారు?

మతాంతరమనగానే ఏమి లాభమాశించి మారినాడని శంకించుట మనకు పరిపాటి గనుక, ఆ శంకను ఒక వాక్యముతో దాటవచ్చును గాని, చట్టపు సంగతి యొకటి చెప్పక తప్పదు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులకు మాత్రమే వర్తించి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడినది. క్రైస్తవమును స్వీకరించిన దళితుడు ఆ హోదాను కోల్పోవును. చదువు, ఉద్యోగము, ఎన్నికల పోటీ ముందున్న వయసులో ఈ నష్టము సామాన్యమైనది కాదు. అవి యన్నియు గడచిన వార్ధక్యమున ఇచ్చుటకుగాని, తీసికొనుటకుగాని చట్టముకడ మిగిలినది స్వల్పము. కావున మలివయసున మారినవానిని లోభిగా శంకించుటకంటె అన్యాయము వేరొకటి లేదు. అతడు ఏదైన పోగొట్టుకొన్నచో అది కాగితములకెక్కని వస్తువై యుండును.

ఆ వస్తువు గతించినవారితో సంబంధమే. ఈ ప్రశ్న ఖమ్మం సీమలో పుట్టినదియు కాదు, మన కాలమున పుట్టినదియు కాదు. పునీత అగుస్తీను 387లో మిలాను నగరమున, పాస్కా జాగరణమునాడు, అంబ్రోసు పీఠాధిపతి చేతులమీదుగా జ్ఞానస్నానము పొందినాడన్న సంగతి మతాంతర చరిత్రలన్నిటను కనబడును. కాని తన ఆత్మకథలో తల్లి మోనికమ్మను గూర్చి అతడు వ్రాసికొన్న చిన్న ముచ్చట పలువురి కంట పడదు. ఆమె ఆఫ్రికా దేశాచారమును బట్టి అంబలి, రొట్టె, ద్రాక్షారసము బుట్టలో పెట్టుకొని పునీతుల సమాధులకడ నివేదించుటకు మిలానులో బయలుదేరగా ద్వారపాలకుడు ఆపెను. అంబ్రోసే నిషేధించినాడట, త్రాగుబోతులకు అవకాశమగుననియు, అన్యుల పితృతర్పణములను పోలియున్నదనియు కారణము. రోమనులకు ఫిబ్రవరి మాసమున పరెంతాలియ యను పితృదినములుండెడివి. కుటుంబములవారు సమాధులకడకు పోయి పెద్దలకు పెట్టుకొనెడివారు. పుట్టు క్రైస్తవురాలైన మోనికమ్మ చేతిలోని బుట్ట ఆ పెత్రమాస బుట్టయే. ఆమె మారుమాటాడక దానిని విడిచినది. కుమారుడు జ్ఞానస్నానము పొందిన యేడే అతనితో స్వదేశమునకు మరలుచు ఓస్తియ రేవున జబ్బుపడి, భర్త ప్రక్కన సమాధి కావలెనని జీవితమంతయు కోరుకొన్న కోరికను గూడ విడిచి, దేహమునెక్కడ పూడ్చినను సరేగాని దేవుని బలిపీఠముకడ తనను మాత్రము స్మరింపుడని కుమారులను వేడుకొని కన్నుమూసెను. బుట్టను విడిచినది, స్మరణను విడువలేదు. కతోలికము పితృఋణమును రద్దు చేయలేదు, తీర్చుచోటును మార్చినది. ఈ మార్పు మోనికమ్మకు సులువైనది, ఏలయన ఆమె భర్త పత్రీసియుడు మరణమునకు ముందు క్రైస్తవుడాయెను. పెద్దలలో ఒక్కరును జ్ఞానస్నానమెరుగని మన రైతు సంగతి అట్లు కాదు.

అతని సంకటము వంటిది పునీత ఫ్రాన్సిసు జేవియరునకు, అనగా మన కతోలికులు ప్రేమతో శౌరివారని పిలుచుకొను మహానుభావునికి, జపానులో ఎదురైనది. 1549లో అక్కడ అడుగిడి రెండేండ్లకు పైగా బోధించిన యాయన 1552 జనవరిలో కొచ్చిన్ నుండి వ్రాసిన లేఖలో, క్రొత్తగా విశ్వసించినవారు తమ తల్లిదండ్రులు, పూర్వులు నరకమున నున్నారని విని వెక్కివెక్కి ఏడ్చుచున్నారనియు, దానధర్మములచేతగాని ప్రార్థనలచేతగాని వారిని విడిపింపలేమా యని అడుగుచున్నారనియు, లేదని తాను చెప్పవలసివచ్చినదనియు, మిత్రుల దుఃఖము చూడగా తనకును దుఃఖము కలుగుచున్నదనియు తెలిపెను. ఆ లేఖ చదివినప్పుడు నాకు శౌరివారి ధైర్యముకంటె ఆ కడపటి వాక్యపు బేలతనమే ఆయనయెడల గౌరవము పెంచినది. సిద్ధాంతము తెలిసినవాడు ఏడ్చినాడన్నచో ఆ సిద్ధాంతము ఇంకను పరిపాకము చెందవలసియున్నదని అర్థము చేసికొనవచ్చును.

ఆ పరిపాకమునకు నాలుగు వందల యేండ్లు పట్టినది, అందులో తెలుగుదేశమునకును భాగము కలదు. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి జెస్విటు గురువులు కాషాయము ధరించి, మాంసము వర్జించి, సన్న్యాసుల వలె పుంగనూరు మొదలుకొని కృష్ణాపురము, మడిగుబ్బ వరకు రాయలసీమలో సంచరించి, రెడ్డి కుటుంబములు కొన్నింటికి జ్ఞానస్నానమిచ్చిరి. వారి సంతతి పిమ్మట గుంటూరు సీమ వరకు వ్యాపించెను. దేశాచారములలో ఏవి మతసంబంధములు, ఏవి కేవలము లౌకికములు అను విచికిత్స వారిని తొలినుండియు బాధించెను. 1704లో పాపుగారి ప్రతినిధి తూర్నాను పుదుచ్చేరిలో నిలిచి స్నానవిధులు, విభూతి, తాళిబొట్టుపై విగ్రహము మొదలైన పెక్కు ఆచారములను నిషేధించెను. 1744లో పద్నాలుగవ బెనెదిక్తు పాపుగారు ఆ నిషేధమును స్థిరపరచిరి. చైనాలో పూర్వుల పీటలకడ మోకరిల్లుట ఇట్లే 1742లో తుదిగా వర్జింపబడెను. 1939లో ఆ పూర్వుల మర్యాదను పౌరధర్మముగా అంగీకరించుచు రోము తన నిర్ణయమును సడలించుకొనెను. మరుసటి యేడు ఇండియాలో ఈ దేశాచారములకు వ్యతిరేకముగా గురువులు చేయవలసిన ప్రమాణము గూడ తొలగింపబడినది. ఒక సంస్థ తాను పొరబడితినని నోరారా చెప్పకయే ఇంత దూరము మరలిరాగలుగుట విశేషము. ఈ మరలుటను విమర్శకులు అవకాశవాదమందురు. ముసలివారితో కాలము గడపినవారు మాత్రము అట్లనరు.

వంగదేశీయుడైన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయుని కథ ఈ మరలుటకు ముందే జరిగినది, అందువలననే అది యంత క్లేశకరము. 1861లో భవానీచరణ బందోపాధ్యాయుడుగా పుట్టి, ముప్పదవ యేట, 1891లో, కతోలికుడై, కాషాయము కట్టి, పుట్టుకచే హిందువును, పునర్జన్మచే కతోలికుడనని చాటుకొనిన ఆ మేధావి, 1907లో దేహాంతమునకు కొలది మాసములముందు హిందూ సంఘమర్యాదను బట్టి ప్రాయశ్చిత్తము చేసికొనెను. అక్టోబరు 27న మరణించినప్పుడు అతనికి దహన సంస్కారమే జరిగినది. విశ్వాసమును విడిచెనా, లేదా యని నేటికిని వాదించువారున్నారు. నా మట్టుకు, మృతదేహము ఎవరిదను ప్రశ్నను బ్రదికియుండగా తేల్చుకొననివానికి ఇరుపక్షములవారును ప్రాప్తింతురను ఇంగితమే ఆ కథలో కనబడుచున్నది.

ఇప్పుడు మన రైతు విచారణ గురువు నడిగినచో వచ్చు సమాధానము శౌరివారు చెప్పినది కాదు. 1964 నవంబరు 21న రెండవ వాటికను మహాసభ వెలువరించిన శ్రీసభా ధర్మశాసనము పదునారవ ప్రకరణమున, తమ దోషము లేకయే సువార్త నెరుగక, మనస్సాక్షి ననుసరించి దేవుని వెదకిన వారును రక్షణ పొందగలరని స్పష్టముగా పలికినది. పిమ్మట ఆరవ పౌలు పాపుగారి కాలమున సంస్కరింపబడిన పూజాగ్రంథపు నాలుగవ కృతజ్ఞతార్చనలో, క్రీస్తు సమాధానమున మరణించినవారితోపాటు, ఎవరి విశ్వాసము దేవునికి మాత్రమే తెలిసియున్నదో ఆ మృతులందరును స్మరింపబడుదురు. అనగా ఆదివారపు దివ్యబలిపూజలో మోకరిల్లిన ఆ ముసలిరైతునకు, ఆ ప్రార్థన వినబడునప్పుడు తన తండ్రి పేరును లోలోపల తలంచుకొనుటకు ఎవని అనుమతియు అక్కరలేదు. నవంబరు 2న సమాధుల పండుగనాడు ఇంకను బాహాటముగా తలంచుకొనవచ్చును. మృతులకొరకు బలి సమర్పించుట మక్కబీయుల రెండవ గ్రంథమున యూదా సేనాని చేసిన పనియే. ఆ గ్రంథము కతోలికుల బైబిలులో నుండుటయు, ఇరుగుపొరుగు ప్రొటెస్టంటు సంఘముల బైబిలులో లేకుండుటయు ఇట్టివానికి అల్పవిషయము కాదు. పెద్దవయసున క్రైస్తవమునకు వచ్చువారిలో కొందరు ప్రత్యేకించి కతోలికమునే యెన్నుకొనుటకు ఉత్తరించు స్థలపు సిద్ధాంతము లోలోపలి కారణమేమోయని నేననుకొందును: చనిపోయినవారికొరకు చేయదగినది ఇంకను కలదను మతము, పెత్రమాసకు అలవాటుపడిన హృదయమునకు పరాయిది కాదు.

అయినను నష్టమేమియు లేదని చెప్పువాడు అసత్యమాడును. ఆ రైతు ఇకముందు అయ్యగారికి బియ్యమిచ్చి, ఈ అన్నము పితరులకు చేరుగాక యను భావముతో చేయి జోడింపరాదు. కాకికి పిండము పెట్టి, అది ముట్టుకొను వరకు నిరీక్షింపరాదు. ఆ బియ్యమును తండ్రి పేర బీదవానికి పెట్టవచ్చును, దానిని ప్రార్థనతో పెట్టవచ్చును. కాని పెట్టుటకును పెట్టించుకొనుటకును నడుమనున్న ఆ పురాతనమైన ఇచ్చిపుచ్చుకోలు అంతటితో సరి. జ్ఞానస్నాన విధిలో సైతానును, వాని క్రియలను విసర్జించుచున్నావా యని గురువు మూడుమారులు ప్రశ్నించునప్పుడు తన పెద్దల ఆచారమే ఆ మాటలలో ఇమిడియున్నదేమోయని అతని గుండె ఒకమారు జంకినచో ఆశ్చర్యము లేదు. ఆ ప్రశ్నలు పాపమును గూర్చినవిగాని పెద్దలను గూర్చినవి కావని ఉపదేశి ముందుగనే విప్పి చెప్పవలెను. అట్లు చెప్పని ఉపదేశము అరకొర ఉపదేశము.

తన దేహము సంగతియు కలదు. 1963 వరకు కతోలికులకు దహనము నిషిద్ధము. ఆ యేడు రోము దానిని అనుమతించినది. 2016లో విశ్వాస సిద్ధాంత మండలి మరియొక ఉత్తర్వు వెలువరించి, చితాభస్మమును గాలిలోగాని, నేలపైగాని, నీటిలోగాని చల్లరాదనియు, పవిత్రస్థలమున భద్రపరుపవలెననియు విధించెను. తిరుమలాయపాలెము ప్రక్కగా పారు ఆకేరు మున్నేటిలో కలిసి కృష్ణకు పోవును. అయినను ఈ జిల్లాలో పలువురు అస్థికలను భద్రాచలము కొనిపోయి గోదావరిలోనే కలుపుదురు, రాముని పాదములచెంత కలిపితిమను తృప్తికొరకు. తాత యస్థికలు, నాయనమ్మ యస్థికలు కలిసిన నీటిలో నాయన యస్థికలు కలుపరాదని కొడుకునకు ఎవరు చెప్పుదురు? చనిపోయిన మరునాడు గురువు చెప్పినచో అది కలహమగును. బ్రదికియుండగా తండ్రి చెప్పవలెను, కారణముతో చెప్పవలెను: ఈ శరీరము ప్రవాహమున కరగిపోవునది కాదు, పునరుత్థానమునకు నిలువ ఉంచబడినదని తాను నమ్మినట్లు చెప్పవలెను. అది విని కొడుకు నమ్మకపోవచ్చును, పాటింపవచ్చును.

శ్రీసభ యీ విషయమున తొందరపడదు. పెద్దవారికి జ్ఞానస్నానమిచ్చుటకు 1972లో పునరుద్ధరింపబడిన విధి నెలలకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరములకొలది సాగును. జ్ఞానోపదేశము, తపస్సుకాలపు మొదటి ఆదివారమున ఎన్నిక, మూడు నాలుగు అయిదవ ఆదివారములందు పరిశీలనలు, పాస్కా జాగరణమున జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, దివ్యసత్ప్రసాదము. అరువది దాటినవానికి ఇంత నిరీక్షణమేల, మధ్యలో మరణించినచో ఏమి గతియని బంధువులు అడుగుదురు. శ్రీసభా చట్టము 1183వ సూత్రము దీనికి సూటిగా సమాధానమిచ్చును: జ్ఞానస్నానార్థియై మరణించినవాడు అంత్యక్రియల విషయమున విశ్వాసులలో ఒకడే. సి.ఎస్.ఐ. వంటి సంఘములలో తండ్రి కుమార పవిత్రాత్మల నామమున ఇదివరకే జ్ఞానస్నానము పొందినవానికి మరల ఇయ్యరు. ఒక మనుష్యునికి ఆ స్నానము ఒక్కటే. భార్య తన పూర్వవిశ్వాసములోనే నిలిచినచో నలువదియేండ్ల ఆ వివాహము వివాహమే. ఆమె వంటింటి మూలనున్న దేవునిగూడు ఆమెదే.

కొడుకు ప్రశ్నకు తిరిగివచ్చెదము. 1965 డిసెంబరు 7న వెలువడిన మతస్వేచ్ఛా ప్రకటనము, విశ్వాస విషయమున ఎవనిని బలవంతపెట్టరాదని శాసించినది; అది పొరుగువానికెంతయో, ఇంట కొడుకునకును అంతయే. పెత్రమాసకు తాత పేర బియ్యమిచ్చు బాధ్యతను కొడుకు స్వీకరింపవచ్చును. తండ్రి ఆ పళ్లెము పట్టడు, పట్టవద్దని ఆజ్ఞాపింపడు. ఆ రోజున తండ్రి గుడికి పోయి అదే తాత పేర పూజ చేయించుకొనవచ్చును. ఇక తాను పోయిన పిమ్మటి పెత్రమాసకు, కొడుకు అయ్యగారి యెదుట చెప్పు పేర్ల వరుసలో తాత పేరు తరువాత నాయన పేరును చేర్చినచో, కాదనుటకు నాయన యుండడు. అందువలన అతని ఆత్మకు వచ్చు హానియేమియు లేదని, కొంచెము నవ్వుచు, విచారణ గురువు గూడ ఒప్పుకొనునని నా యూహ.